బీ జీస్ పాటలను మొదటి నుంచి వరుసగా వినడం ఎలా?

బీ జీస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1977 నాటి డిస్కో పాటలే. తెల్లని సూటు, కింద లైట్లు వెలిగే డ్యాన్స్ ఫ్లోర్, తారస్థాయిలో సాగే ఒక మగ గొంతు, ఇంతే వారి ప్రపంచమని అనుకుని అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేసేవారు ఎక్కువ. అయితే ఈ బృందంలోని గిబ్ సోదరులు ముగ్గురూ, అంటే బారీ, రాబిన్, మారిస్, డిస్కోకు పదేళ్ల ముందే ఇంగ్లండులో నంబర్ వన్ స్థానానికి చేరిన పాటలు రాశారు. డిస్కో పోయాక కూడా ఇతర గాయకుల కోసం మరో పదేళ్లు పెద్ద పాటలు రాస్తూనే ఉన్నారు. వారి కృషిని మొత్తంగా అర్థం చేసుకోవాలంటే ఫ్యాషన్ల వెంట కాకుండా ఆ మూడు గొంతుల వెంట నడవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఏ పాటతో మొదలుపెట్టాలి, ఒక్కో పాటలో దేన్ని గమనించాలి, ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఏ భాగాన్ని త్వరగా దాటవచ్చు అన్నది ఆ దారిలోనే వివరిస్తాను.

వినడానికి ముందు

ఫోన్ స్పీకరుపై వినకండి. ఈ పాటల అందమంతా ఒకదాని మీద ఒకటి పేర్చిన గొంతుల్లో ఉంటుంది. చిన్న స్పీకరులో పై గొంతు ఒక్కటే తేలి వచ్చి, మధ్య గొంతూ బేస్ గిటారూ మరుగున పడతాయి. మధ్య గొంతు పాడినదీ, ఎక్కువ పాటల్లో బేస్ వాయించినదీ ఒక్కరే, మారిస్ గిబ్. అంటే స్పీకరు చిన్నదైతే ముగ్గురిలో ఒక సోదరుడే వినిపించకుండా పోతాడు. మామూలు ఇయర్‌ఫోన్లు రెండు చెవులకూ పెట్టుకుంటే సరిపోతుంది.

రెండో జాగ్రత్త సంకలనాల విషయంలో. హిట్ పాటల సంకలనాలు చాలావరకు 1977 పాటలను ముందుకు తెచ్చి, పాతవాటిని చివరికి నెడతాయి. అందువల్ల పాట విడుదలైన సంవత్సరం చూసుకుంటూ మీ జాబితాను మీరే తయారు చేసుకోవడం మంచిది. పైగా వీరు ఆస్ట్రేలియాలో కుర్రతనంలో రికార్డు చేసిన పాటలను, పేరు వచ్చాక వేర్వేరు కంపెనీలు వేర్వేరు అట్టలతో మళ్లీ మళ్లీ అమ్మాయి. అట్ట మీద గడ్డాలున్న పెద్దవాళ్ల ఫోటో ఉండి, లోపల పదహారేళ్ల కుర్రాళ్ల గొంతులు వినిపిస్తే అది అలాంటి సంకలనమే. అది నాసిరకమని కాదు, క్రమం తప్పుతుందని చెబుతున్నాను. కచేరీ రికార్డులను చివరికి దాచుకుని, ముందు స్టూడియోలో చేసిన మొదటి రికార్డులనే వినండి.

మూడు గొంతులను విడివిడిగా గుర్తుపట్టడం

అసలు సాధన ఇక్కడే ఉంది. ఇది పట్టుబడితే తక్కిన ప్రయాణమంతా సులువవుతుంది.

బారీ 1946 సెప్టెంబరు 1న, కవలలైన రాబిన్, మారిస్ 1949 డిసెంబరు 22న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని డగ్లస్ పట్టణంలో పుట్టారు. తండ్రి హ్యూ గిబ్ డ్రమ్మర్, నృత్యశాలల్లో సొంత బృందాన్ని నడిపినవాడు. కుటుంబం తర్వాత మాంచెస్టర్‌కు, 1958లో అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ దగ్గరి రెడ్‌క్లిఫ్‌కు వలస వెళ్లింది. రెడ్‌క్లిఫ్ మోటారు పందేల మైదానంలో పందేల మధ్య విరామంలో ఈ పిల్లలు పాడేవారు. ప్రేక్షకులు ట్రాక్ మీదికి విసిరిన చిల్లర ఏరుకునేవారు. అక్కడి నిర్వాహకుడు బిల్ గూడ్, రేడియో వ్యాఖ్యాత బిల్ గేట్స్ (సాఫ్ట్‌వేర్ అధిపతి కాదు, మరొకరు) వీరిని ప్రోత్సహించారు. ఆ పేర్లలోని బీ, జీ అక్షరాల నుంచే బృందం పేరు ఆనాడు పుట్టింది.

రాబిన్ గొంతుతో మొదలుపెట్టండి. 1967 నాటి ‘మసాచుసెట్స్’ వినండి. సన్నగా, వణుకుతూ, ఏడుపు అంచున నిలబడినట్టు ఉండే ఆ గొంతును ఒక్కసారి విన్నవారు మళ్లీ పొరబడరు. పాత వీడియోల్లో రాబిన్ పాడేటప్పుడు ఒక చేత్తో చెవి మూసుకుని నిలబడడం కనిపిస్తుంది. తన శ్రుతిని తాను వినడానికి గాయకులు చేసే పని అది, అతనికి జీవితాంతం అలవాటుగా నిలిచింది. తర్వాత 1968 నాటి ‘వర్డ్స్’ వినండి. పియానో మీద సాగే ఆ పాటంతా బారీ ఒక్కడే పాడాడు. ఊపిరి ఎక్కువగా కలిసిన మెత్తని గొంతు అతనిది, మాట చివర శ్వాస కూడా వినిపిస్తుంది. 1977లో ఆకాశాన్నంటిన గొంతు ఇదేనంటే మొదట నమ్మబుద్ధి కాదు.

మారిస్‌ను పట్టుకోవడమే కష్టం. అతను పాటను నడిపించినవి తక్కువ, మిగతా ఇద్దరినీ కలిపి ఉంచినవి ఎక్కువ. అందుకే అతని విషయంలో వరుసను ఒక్కసారి పక్కన పెట్టి, 2001 నాటి చివరి ఆల్బమ్‌లోని ‘మ్యాన్ ఇన్ ద మిడిల్’ ముందుగానే వినమని చెబుతాను. అందులో ముందు నిలిచి పాడినది మారిస్. ఆ గొంతు చెవిలో ఉంచుకుని వెనక్కి వెళ్తే పాత పాటల నడిమి స్వరంలో అతను దొరుకుతాడు.

ఇక మూడు గొంతులూ కలిసే తీరు గురించి. కర్ణాటక సంగీతంలో సోదర గాయకుల జంటలు మనకు కొత్త కాదు. హైదరాబాద్ బ్రదర్స్ కచేరీలో ఇద్దరూ ఒకే స్వరాన్ని ఒకే గమకంతో పాడినప్పుడు ఇద్దరు ఒక్కరైనట్టు అనిపిస్తుంది. గిబ్ సోదరులది వేరే పద్ధతి. ఒకరు షడ్జమం మీద ఉన్నప్పుడు మరొకరు గాంధారం మీద, ఇంకొకరు పంచమం మీద నిలబడి, మూడూ ఒకేసారి పలుకుతూ కదులుతారు. పాశ్చాత్య సంగీతంలో హార్మొనీ అనే ఈ పద్ధతిని ఎవరైనా నేర్చుకోవచ్చు. అయితే ఒకే ఇంట్లో పెరిగి, అచ్చులను ఒకే తీరుగా పలికి, శ్వాసను ఒకేచోట తీసుకునేవారు పాడితే అతుకు కనిపించదు. 1970 నాటి ‘లోన్లీ డేస్’ పాట తొలి నిమిషాన్ని మూడుసార్లు వినండి, ప్రతిసారీ ఒక్క గొంతునే వెంబడించండి. మొదట పై గొంతు తేలికగా దొరుకుతుంది, తర్వాత కింది గొంతు, చివరికి మధ్యది. మధ్య గొంతు దొరికిన రోజున మీకు ఈ బృందం అర్థమైనట్టే.

1967 నుంచి 1969 దాకా

ఆస్ట్రేలియాలో 1963 నుంచి రికార్డులు వేసినా, అక్కడ పెద్ద విజయం 1966 నాటి ‘స్పిక్స్ అండ్ స్పెక్స్’తోనే వచ్చింది. అప్పటికే కుటుంబం ఇంగ్లండుకు తిరుగు ప్రయాణం నిశ్చయించుకుంది. 1967 ఆరంభంలో ఓడలో బయలుదేరి వచ్చిన కొద్ది వారాలకే, బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ స్టిగ్‌వుడ్ వీరితో ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆస్ట్రేలియా కాలం నుంచి ఆ ఒక్క పాటా వింటే ప్రస్తుతానికి చాలు.

లండన్‌లో మొదటి పాట ‘న్యూయార్క్ మైనింగ్ డిజాస్టర్ 1941’. దీన్ని పాలిడోర్ స్టూడియో మెట్ల మీద, కరెంటు పోయిన చీకట్లో, గోడల ప్రతిధ్వని వింటూ అల్లారని సోదరులు చెప్పారు. కూలిన గనిలో చిక్కుకున్న ఒక కార్మికుడు పక్కనున్నవాడికి తన భార్య ఫోటో చూపిస్తాడు, పైన ఎవరైనా తవ్వుతున్నారా అని చెవులు రిక్కించి వింటాడు. పాట పేరు పాటలో ఎక్కడా రాదు. అంతకు ఆరు నెలల ముందు, 1966 అక్టోబరులో వేల్స్‌లోని ఆబర్‌ఫాన్‌లో బొగ్గుగని చెత్తగుట్ట జారి బడిపై పడి 116 మంది పిల్లలతో సహా 144 మంది చనిపోయారు. ఈ పాట వెనుక ఆ విషాదం ఉంది. ఇరవై ఏళ్ల అన్న, పదిహేడేళ్ల తమ్ముళ్లు కలిసి తొలి అంతర్జాతీయ పాటకు ఎంచుకున్న విషయం ఇది. వీరిని డ్యాన్స్ పాటల వారిగా మాత్రమే చూసేవారికి ముందు ఈ పాట వినిపించాలి.

ఆ తర్వాత ‘టు లవ్ సమ్‌బడీ’ వినండి. అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్‌ను దృష్టిలో ఉంచుకుని రాసిన పాట ఇది. అతను పాడకముందే 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో మరణించాడు. బారీ పాడినది విన్న వెంటనే అమెరికన్ గాయని నీనా సిమోన్ పాడినదీ వినండి. ఒకే పాట ఇద్దరి నోట రెండు వేర్వేరు జీవితాలను పలుకుతుంది. నల్లజాతి అమెరికన్ సంగీతంతో వీరి అనుబంధం డిస్కోతో మొదలు కాలేదని ఈ పాట స్పష్టంగా చూపిస్తుంది.

1968లో వచ్చిన ‘ఐ స్టార్టెడ్ ఎ జోక్’ (రాబిన్ పాడినది), మరణశిక్షకు వెళ్లే ఖైదీ చివరి మాటగా సాగే ‘ఐ హావ్ గాటా గెట్ ఎ మెసేజ్ టు యూ’ విన్నాక, 1969 నాటి ‘ఒడెస్సా’ ఆల్బమ్‌కు ఒక సాయంత్రమంతా కేటాయించండి. ఎర్రని మఖమలు లాంటి అట్టతో రెండు ఎల్‌పీ రికార్డులుగా వచ్చిన ఈ ఆల్బమే వారిని విడదీసింది. అందులోంచి సింగిల్‌గా, అంటే వైపుకో పాటతో విడిగా అమ్మే చిన్న రికార్డుగా, బారీ పాడిన ‘ఫస్ట్ ఆఫ్ మే’ను ముందువైపు వేసి, రాబిన్ పాడిన ‘ల్యాంప్‌లైట్’ను వెనుకవైపు వేశారు. నొచ్చుకున్న రాబిన్ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. ఆ రెండు పాటలనూ వెంటవెంటనే విని మీ తీర్పు మీరే ఇచ్చుకోండి. నాకు ‘ల్యాంప్‌లైట్’ మీద మక్కువ ఎక్కువ, అయినా రేడియోకు ‘ఫస్ట్ ఆఫ్ మే’ తగినదని ఒప్పుకోక తప్పదు.

మళ్లీ కలయిక, ఆపై దిగజారిన రోజులు

1970లో ముగ్గురూ తిరిగి ఒక్కటయ్యారు. 1971లో వచ్చిన ‘హౌ క్యాన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్’ అమెరికాలో వారికి తొలి నంబర్ వన్. విరిగిన మనసును అతికేదెలా అని అడిగే ఈ పాటను రాబిన్ మొదలుపెట్టడం, బారీ వచ్చి అందుకోవడం గమనించండి. విడిపోయి కలిసిన అన్నదమ్ములు పాడుతున్నారన్న సంగతి తెలిసి వింటే పాట బరువు మారుతుంది. మరుసటి ఏడాది అమెరికన్ సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ ఇదే పాటను ఆరు నిమిషాలకు పైగా సాగదీసి, గుసగుసలాగా పాడాడు. అదీ వినవలసిందే.

1972లోని ‘రన్ టు మీ’ తప్ప, 1974 వరకు వచ్చినవాటిని మొదటిసారి వినేవారు దాటిపోవచ్చు. అమ్మకాలు పడిపోయి, ఉత్తర ఇంగ్లండులోని క్లబ్బుల్లో భోజనాలు చేస్తున్నవారి ముందు పాత పాటలు పాడుకునే స్థితికి వారు చేరారు.

మయామీలో దొరికిన దారి

1975 ఆల్బమ్ ‘మెయిన్ కోర్స్’ను ముక్కలుగా కాకుండా పూర్తిగా వినండి. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ సలహాపై వారు మయామీ వెళ్లి, అతను ఉన్న ఇంట్లోనే దిగి, క్రైటీరియా స్టూడియోలో రికార్డింగ్ మొదలుపెట్టారు. నిర్మాత అరిఫ్ మార్డిన్ టర్కీలో పుట్టినవాడు, గాయని అరీథా ఫ్రాంక్లిన్ వంటివారితో పనిచేసిన అనుభవజ్ఞుడు. అప్పట్లో రేడియోలో వస్తున్న రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల జనప్రియ సంగీతం) వినమని అతను వారిని ప్రోత్సహించాడు.

ఇంటి నుంచి స్టూడియోకు వెళ్లే దారిలో జూలియా టటిల్ కాజ్‌వే అనే పొడవాటి వంతెన ఉంది. దాని అతుకుల మీద కారు చక్రాలు ఒకే లయలో టకటకమనేవి. ఆ లయనే ‘జైవ్ టాకిన్’ గిటారులో పెట్టారు. ఇయర్‌ఫోన్లలో పాట మొదటి పది సెకన్లు వింటే, తీగలను అదిమిపట్టి గీరుతున్న ఆ గిటారు వంతెన మీది చప్పుడులాగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే బేస్ గిటారుది కాదు, వారితో కీబోర్డు వాయించే బ్లూ వీవర్ సింథసైజర్ మీద వాయించినది. పాత పేరు చూసి రేడియోవారు పక్కన పెడతారన్న భయంతో, ఎవరి పాటో రాయకుండా తెల్ల లేబుల్‌తో వారికి పంపించారు. పాట అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఇదే ఆల్బమ్‌లోని ‘నైట్స్ ఆన్ బ్రాడ్‌వే’ చివరి నిమిషంలో వారి చరిత్ర మలుపు తిరిగింది. శ్రుతి తప్పకుండా ఎవరైనా కేక పెట్టగలరా అని మార్డిన్ అడిగాడు. బారీ ప్రయత్నించాడు, మన పాటల పోటీల్లో ఫాల్స్ వాయిస్ అని పిలిచే ఆ పై గొంతు అప్పుడు బయటపడింది. పాట చివర వెనుక నుంచి వినిపించే ఆ అరుపులను జాగ్రత్తగా వినండి. తనలో అలాంటి గొంతు ఉందని అతనికి అంతవరకు తెలియదు, అప్పుడు అతని వయసు ఇరవై ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాది ‘యూ షుడ్ బీ డ్యాన్సింగ్’కు వచ్చేసరికి ఆ గొంతే ముందుకు వచ్చి పాట మొత్తాన్ని మోస్తుంది. ఆ రెండు పాటలనూ వెంటవెంటనే వింటే ఏడాదిలో జరిగిన మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

1977, టేపు ముక్క మీద నిలిచిన పాట

డిస్కో పాటలకు ఇప్పుడు వచ్చాం, ఈ క్రమంలో వచ్చారు గనుక ఇవి మీకు వేరుగా వినిపిస్తాయి. ఫ్రాన్స్‌లోని ఎరూవిల్ అనే ఊళ్లో ఒక పాత కోట స్టూడియోగా ఉండేది. 1977 మొదట్లో వారు అక్కడ తమ తర్వాతి ఆల్బమ్ పనిలో ఉండగా, తాను తీస్తున్న సినిమాకు పాటలు కావాలని మేనేజర్ స్టిగ్‌వుడ్ కబురు పెట్టాడు. అదే ‘శాటర్డే నైట్ ఫీవర్’. డిస్కో సినిమా కోసం కూర్చుని డిస్కో పాటలు రాశారన్నది నిజం కాదు. తమ దారిలో తాము రాసుకుంటున్న పాటలే ఆ సినిమాలోకి వెళ్లాయి.

‘స్టేయిన్ అలైవ్’లో డ్రమ్స్‌ను గమనించండి. డ్రమ్మర్ డెనిస్ బ్రయాన్ కుటుంబ అవసరం మీద ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఏం చేయాలో తోచక, నిర్మాతలు ఆల్బీ గలూటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ అతను అంతకుముందే ‘నైట్ ఫీవర్’ కోసం వాయించిన దానిలో రెండు ఆవర్తాల ముక్కను కాపీ చేసి, టేపు రెండు కొసలనూ అతికి ఉంగరంలాగా చేసి, యంత్రం మీద తిరుగుతూనే ఉండేలా ఏర్పాటు చేశారు. పాట మొదటి నుంచి చివరి దాకా ఆ ముక్కే తిరుగుతుంది. అందుకే డ్రమ్స్‌లో ఎక్కడా హెచ్చుతగ్గులు ఉండవు. ఆల్బమ్ మీద డ్రమ్మర్‌గా బర్నార్డ్ లూప్ అనే కల్పిత పేరు వేశారు. డ్రమ్ లూప్ మీద పాటను నిర్మించే పద్ధతి నేడు సర్వసాధారణం. ఆనాటి పెద్ద హిట్లలో అలా చేసిన తొలి పాటల్లో ఇది ఒకటి.

‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’ అక్కడే పుట్టింది. బ్లూ వీవర్ పియానో దగ్గర, బారీ పక్కన కూర్చుని స్వరాలు వెతుక్కుంటూ పోతే వచ్చిన పాట. నా దృష్టిలో వారి పాటల్లో అన్నిటికంటే చక్కగా అల్లినది ఇదే. ‘లోన్లీ డేస్’తో చేసిన మూడు గొంతుల సాధనను దీని మీద మళ్లీ చేయండి.

ఇక అంకెలు. సినిమా పాటల ఆల్బమ్ 1978లో అమెరికాలో వరుసగా 24 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది, గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం పొందింది. 1977 డిసెంబరు నుంచి 1979 జూన్ దాకా బీ జీస్ వరుసగా వేసిన ఆరు సింగిల్స్ అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. ఆ ఆరింటిలో చివరి మూడు 1979 ఆల్బమ్ ‘స్పిరిట్స్ హావింగ్ ఫ్లోన్’లోనివి. వాటిలో ‘ట్రాజెడీ’ పాటలో ఒక పేలుడు శబ్దం వస్తుంది. అది యంత్రాలు చేసినది కాదు. బారీ మైకు చుట్టూ రెండు చేతులూ దోసిలిగా పట్టి నోటితో చేసిన శబ్దానికి, బ్లూ వీవర్ పియానో కింది మెట్లను అదిమిన మోత కలిపారు. ‘టూ మచ్ హెవెన్’లో గొంతుల మీద గొంతులు పేర్చిన తీరు వేరే పాటలో దొరకదు. ఆ పాట రాబడిని వారు యూనిసెఫ్‌కు ఇచ్చేశారు.

కోపాన్ని కూడా వినాలి

1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో ఒక రేడియో వ్యాఖ్యాత జనం తెచ్చిన డిస్కో రికార్డులను పేల్చివేశాడు. వేలమంది మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగలేదు. కొన్ని రేడియో స్టేషన్లు బీ జీస్ పాటలు వేయని శని, ఆదివారాలను ప్రకటించుకున్నాయి. ఈ ఘట్టాన్ని బృందం మీద విసుగుగా మాత్రమే చదవకూడదు. డిస్కో పుట్టినది నల్లజాతి, లాటినో, స్వలింగ సంపర్కుల నృత్యశాలల్లో. ఆ రోజు కాలిన రికార్డుల్లో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకులవి కూడా ఉన్నాయని అక్కడ పనిచేసిన వారు తర్వాత చెప్పారు. ఆ సంగీతం మీది ద్వేషంలో ఆ మనుషుల మీది ద్వేషం కలిసి ఉంది. గిబ్ సోదరులు ఆ సంగీతం వల్ల అందరికంటే ఎక్కువ లాభపడ్డారు, ఎదురుదెబ్బా తిన్నారు. దెబ్బ తిన్నాక వారికి పాటలు రాసే మరో బతుకుతెరువు ఉంది. ఆ నృత్యశాలల గాయకుల్లో చాలామందికి అది కూడా లేకపోయింది. ఈ రెండు సంగతులనూ కలిపి గుర్తుంచుకుని వినడమే న్యాయం.

1981 నాటి ‘లివింగ్ ఐస్’ అమ్ముడుపోలేదు. అయితే సీడీ అనే కొత్త వస్తువును బీబీసీ టీవీలో చూపించినప్పుడు వాడినది ఈ ఆల్బమే. సంగీతపరంగా దీన్ని దాటవేయవచ్చు.

ఇతరుల గొంతుల్లో బీ జీస్‌ను గుర్తుపట్టడం

రేడియో తలుపు మూసుకుంటే వారు వేరేవారి గొంతుతో ప్రవేశించారు. 1980లో బార్బ్రా స్ట్రైసాండ్ కోసం ‘గిల్టీ’ ఆల్బమ్, 1982లో డయాన్ వార్విక్‌కు ‘హార్ట్‌బ్రేకర్’, 1983లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్‌లకు ‘ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్’, 1985లో డయానా రాస్‌కు ‘చెయిన్ రియాక్షన్’ రాశారు. బీ జీస్ పాటలు వేయబోమన్న దేశంలోనే బీ జీస్ రాసిన పాటలు మారుమోగాయి.

వీటిని వినేటప్పుడు మూడు గుర్తులు పట్టుకోండి. పల్లవికి ముందు స్వరం మెల్లగా మెట్లెక్కుతూ పోయి, పల్లవిలో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. మాటల అర్థం కొన్నిచోట్ల పొంతన లేనట్టు తోచినా, పలికే అచ్చులు మాత్రం పాడడానికి అనువుగా ఉంటాయి. వెనుక వరుసలో బారీ గొంతు సన్నగా వినిపిస్తుంది. ‘గిల్టీ’లోని ‘వుమన్ ఇన్ లవ్’ పాటను ఈ గుర్తులతో విన్న తర్వాత, స్ట్రైసాండ్‌కు ఎలా పాడాలో తెలియజేయడానికి బారీ స్వయంగా పాడి పంపిన నమూనా రికార్డులు వినండి, అవి తర్వాత విడుదలయ్యాయి. స్త్రీ పాడవలసిన పాటను ఫాల్స్ వాయిస్‌లో పాడి ఇచ్చిన ఆ రికార్డులు పాటల రచయితగా అతని పనితనాన్ని దగ్గరగా చూపిస్తాయి.

చిన్నవాడు ఆండీ

నాలుగో సోదరుడు ఆండీ 1958 మార్చి 5న మాంచెస్టర్‌లో పుట్టాడు. అన్నల బృందంలో ఎన్నడూ సభ్యుడు కాలేదు, విడిగా పాడాడు. అమెరికాలో అతని మొదటి మూడు సింగిల్స్ మూడూ నంబర్ వన్ అయ్యాయి. వాటిలో ‘షాడో డ్యాన్సింగ్’ నలుగురు అన్నదమ్ములూ కలిసి రాసినది, అది వింటే చాలు. మత్తు పదార్థాలు అతని ఆరోగ్యాన్ని పాడుచేశాయి. ముప్ఫయ్యో పుట్టినరోజు జరిగిన ఐదు రోజులకు, 1988 మార్చి 10న, గుండె కండరాల వాపుతో మరణించాడు. అన్నలు 1989 ఆల్బమ్‌లో ‘విష్ యూ వర్ హియర్’ను అతని జ్ఞాపకంగా పాడారు.

ఆండీ మరణానికి ముందు ఏడాదే, 1987లో, ‘యూ విన్ అగైన్’తో వారు బ్రిటన్‌లో మళ్లీ నంబర్ వన్ అయ్యారు. 1960లు, 70లు, 80లు మూడు దశకాల్లోనూ అక్కడ నంబర్ వన్ సాధించిన తొలి బృందం వారిదే. ఆ పాట మొదట్లో కాళ్లతో నేలను తన్నినట్టుండే మోతను తీసేయమని సలహాలు వచ్చినా సోదరులు ఒప్పుకోలేదు. విన్నాక వారి పట్టుదల సరైనదని మీరూ అంటారు.

చివరి ఏళ్లు, వారసత్వం

ఇప్పుడు కచేరీ రికార్డు వినవచ్చు. 1997 నవంబరులో లాస్ వెగస్ ఎంజీఎం గ్రాండ్‌లో జరిగిన ‘వన్ నైట్ ఓన్లీ’ కచేరీని వీలైతే వీడియోలో చూడండి. రాబిన్ చెయ్యి చెవి మీదికి ఎప్పుడు వెళ్తుందో, మారిస్ మిగతా ఇద్దరినీ ఎలా గమనిస్తుంటాడో చూడండి. అదే ఏడాది వారికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. మారిస్ 2003 జనవరి 12న, రాబిన్ 2012 మే 20న కన్నుమూశారు. మారిస్ పోయాకే బీ జీస్ బృందంగా ముగిసింది.

వారసత్వాన్ని అంకెల్లో కాకుండా పాటల బతుకులో వెతకమంటాను. ఒక పాటను తీసుకుని అది ఎవరెవరి నోళ్లలో తిరిగిందో చూడండి. 1996లో బాయ్‌జోన్ బృందం ‘వర్డ్స్’ను, టేక్ దట్ బృందం ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’ను బ్రిటన్‌లో నంబర్ వన్ చేశాయి, 1999 జనవరిలో స్టెప్స్ బృందం ‘ట్రాజెడీ’ని. ‘ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్’ పల్లవి 1998లో ‘ఘెటో సూపర్‌స్టార్’ అనే ర్యాప్ పాటలోకి చేరింది. 2001లో డెస్టినీస్ చైల్డ్ బృందం పాడిన ‘ఇమోషన్’ కూడా బారీ, రాబిన్‌లు 1977లో గాయని సమాంథా సాంగ్‌కు రాసి ఇచ్చినదే. ‘స్టేయిన్ అలైవ్’ ఇంకా దూరం ప్రయాణించింది. దాని వేగం నిమిషానికి 103 దెబ్బల వరకు ఉంటుంది. గుండె ఆగినవారికి సీపీఆర్ చేసేటప్పుడు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి గనుక, ఆ వేగం తప్పకుండా ఉండటానికి శిక్షణ తరగతుల్లో ఈ పాటను మనసులో పాడుకోమని చెబుతారు.

ఈ ప్రయాణంలో చివరి ఆల్బమ్‌గా బారీ నాష్‌విల్‌లో చేసి, 2021లో విడుదల చేసిన ‘గ్రీన్‌ఫీల్డ్స్’ను ఉంచుకోండి. పాత పాటలనే కంట్రీ (అమెరికన్ పల్లె బాణీ) గాయకులతో కలిసి మళ్లీ పాడాడు, వారిలో డాలీ పార్టన్ కూడా ఉంది. ఇందులో బ్రాండీ కార్లైల్‌తో పాడిన ‘రన్ టు మీ’ని ముందు విని, వెంటనే 1972 నాటి అసలు పాటకు వెళ్లండి. ఒకప్పుడు రాబిన్ పాడిన భాగం ఇప్పుడు ఎవరి గొంతులో ఉంది, మధ్య స్వరాన్ని ఎవరు మోస్తున్నారు, డెబ్బై దాటిన బారీ ఏ శ్రుతి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు అన్నది పోల్చి చూడండి.